వేడిగాలి టంకము – వీథిదీపముల మరమ్మతు

గ్రామములో వీథిదీపము ఆరిన వెంటనే ప్రజలు ప్రశ్నించునది పంచాయతీ సభ్యులనే. ఎల్.ఇ.డి. దీపములోని చిన్న వెలుగుబిళ్ళలు మాలలోని పూసలవలె వరుసగా కలుపబడి యుండును. ఒక్కటి చెడినచో ఆ వరుస యంతయు ఆరిపోవచ్చును. బియ్యపుగింజంత భాగమునకై దీపమునే పారవేయుట పంచాయతీ నిధికి నష్టము. ఆ భాగమును మార్చు విద్యను సభ్యులకు పరిచయము చేయదలచితిమి.

ఇది మన కంసాలి పనికి సన్నిహితమైనది. కంసాలి వెలిగారము పూసి, ఊదుగొట్టముతో మంటను ఊది, టంకమును కరగించును. ఇచ్చట మంటకు బదులు విద్యుత్తుచే కాగిన గాలిని, వెలిగారమునకు బదులు లోహముపైని మలినమును తొలగించు ఫ్లక్స్ అను పదార్థమును ఉపయోగింతురు. పూర్వము భాగముల కాళ్ళు పలక రంధ్రములలో దూరియుండెడివి. నేడు అనేక భాగములు పలకమీదనే అతుకబడుచున్నవి. 0805 అను కొలతగల భాగము పొడవు 2 మిల్లీమీటర్లు మాత్రమే.

తగరము 63, సీసము 37 పాళ్ళుగల టంకము 183 డిగ్రీల సెంటిగ్రేడువద్ద కరగును. సీసము లేనిదానికి సుమారు 217 డిగ్రీలు కావలెను. దారిలో వేడి తరుగును గనుక గాలిని 300 మొదలు 350 డిగ్రీలవరకు ఉంచుదురు. గొట్టమును ఒకేచోట నిలుపక చిన్న వలయముగా త్రిప్పవలెను. టంకము కరగి మెరసిన పిమ్మటనే పట్టకారుతో భాగమును ఎత్తవలెను. తొందరపడి పెరికినచో పలకపైని రాగిపొర లేచిపోవును. దీపపు పలకకు వెనుక అల్యూమినియము ఉన్నచో అది వేడిని లాగివేయును. కావున క్రిందనుండికూడ కాచుట మేలు. క్రొత్తబిళ్ళను ధన, ఋణ గుర్తులు చూచి అమర్చవలెను.

ఈ విద్య ఎచ్చట లభించును? హైదరాబాదునకు తూర్పున విజయవాడ రహదారిపై ఎల్.బి.నగర్ కలదు. సూర్యాపేట, నల్లగొండ ప్రాంతములనుండి వచ్చు బస్సులు అచ్చట ఆగును. సమీపముననున్న దిల్‌సుఖ్‌నగర్ శిక్షణాలయములకు పేరొందినది. సెల్‌ఫోను మరమ్మతు నేర్పునవియు అందు కలవు. 2018 సెప్టెంబరు 24న ఎల్.బి.నగర్ – అమీర్‌పేట మెట్రోరైలు ప్రారంభమైనందున, విడిభాగములు దొరకు కోఠి గుజరాతీ గల్లీకి చేరుటయు సులభమైనది. నేర్చినవారు పాత పలకలపై ఇంటివద్దనే సాధన చేయవచ్చును.

అయితే జాగ్రత్తలు తప్పవు. విద్యుత్తును ఆపిన పిదపకూడ కెపాసిటరులో విద్యుత్తు నిలిచియుండవచ్చును. పొగ ఊపిరితిత్తులకు హాని. కిటికీలు తెరచి పని చేయవలెను. సీసము ముట్టిన చేతులను సబ్బుతో కడుగుకొనిన పిమ్మటనే భుజింపవలెను. వంటయింటను, పసిపిల్లల సమీపమునను ఈ పని కూడదు. బ్యాటరీకి వేడిగాలి తగిలినచో మంటలు లేచు ప్రమాదము కలదు.

గ్యారంటీ గడువులోనున్న దీపమును విప్పనీయక అమ్మినవారికే పంపవలెను. గడువు తీరినవాటిని భద్రపరచి, పని నేర్చిన యువతీయువకులకు అప్పగింపవచ్చును. స్తంభమెక్కు పనిని మాత్రము విద్యుత్ సిబ్బందికే విడువవలెను. పనికిరాని పలకలను కాల్చరాదు. 2023 ఏప్రిల్ 1నుండి అమలులోనున్న ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనల ననుసరించి రిజిస్టరైన సంస్థలకు చేర్చవలెను. గ్రామమునకు ఒక్కరైనను ఈ విద్య నేర్చునట్లు సభ్యులు ప్రోత్సహింతురని ఆశించుచున్నాము.