తోలు లేని డప్పు

పెద్ద కొడప్‌గల్‌లో బరాత్ సాగుతుంటే, డీజే బాక్సుల ముందు నిలబడ్డవాళ్లకు చెవికన్నా ముందు ఛాతీకి తగిలే దెబ్బ ఒకటుంటుంది. ‘దమ్మ్’ అని పడి, వెంటనే ఆగిపోకుండా కిందిస్థాయిలో సాగి సాగి అణుగుతుంది. తెలుగు, మరాఠీ, కన్నడ కలిసి వినిపించే కామారెడ్డి జిల్లా అంచుదాకా వచ్చిన ఆ దెబ్బకు పుట్టిల్లు జపాన్‌లోని ఒసాకా. దాన్ని పుట్టించిన డ్రమ్ యంత్రం పేరు టీఆర్-808. ర్యాప్ కట్టే కుర్రాళ్లు ‘ఎయిట్ ఓ ఎయిట్’ అంటారు.

1972లో రోలాండ్ కంపెనీని స్థాపించిన ఇకుతారో కకెహాషి దాన్ని 1980లో మార్కెట్లోకి తెచ్చాడు. డ్రమ్స్ వాయించేవాళ్లను పెట్టుకోలేని సంగీతకారుడు ఒక్కడే పాట కట్టుకోవాలంటే తాళం కావాలి కదా, దానికోసం. ఆ రోజుల్లోనే అమెరికాలో రోజర్ లిన్ తయారుచేసిన ఎల్ఎమ్-1 నిజమైన డ్రమ్ముల శబ్దాలను రికార్డు చేసి చిప్పుల్లో దాచుకునేది. మెమరీ చిప్పులు అప్పుడు చాలా ఖరీదు కాబట్టి దాని ధర సుమారు 5,000 డాలర్లు పలికింది. రోలాండ్ వాళ్లు రికార్డు చేసిన శబ్దం జోలికి పోకుండా సర్క్యూట్‌లోనే శబ్దం పుట్టించారు. అందుకే 808 ధర 1,195 డాలర్లు.

సర్క్యూట్‌లో డ్రమ్ము శబ్దం ఎలా పుడుతుందో డప్పును చూస్తే తెలుస్తుంది. డప్పును మంట దగ్గర కాపితే తేమ పోయి తోలు బిగుస్తుంది, స్వరం పెరుగుతుంది. సిర్రతో కొట్టగానే తోలు కంపిస్తుంది, ఊపు ఊపుకూ కొంత శక్తిని గాలికి వదులుతూ శాంతిస్తుంది. 808లో తోలుకు బదులు రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఒక యాంప్లిఫయర్ కలిపిన చిన్న వలయం ఉంది. దానికి తగిలే విద్యుత్ తట్టే సిర్ర దెబ్బ. తట్టు తగలగానే వలయం సెకనుకు సుమారు 50 సార్లు ఊగుతూ నెమ్మదిగా ఆగుతుంది. గట్టిగా కొట్టినప్పుడు తోలు మొదటి క్షణంలో మరింత సాగుతుంది కాబట్టి స్వరం కాస్త పైన మొదలై కిందికి జారుతుంది. ఆ జారుడును కూడా ఇంజనీర్లు వదల్లేదు, వలయం తొలి ఊపు పైస్వరంలో పడేలా కట్టారు. ఈ యంత్రంలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది ఇదే. ఇక తోలుకు వీలుకానిది ఒకటి దీనికి సాధ్యమైంది: ఒక నాబ్ తిప్పితే దెబ్బ ఎంతసేపు సాగాలో మనమే నిర్ణయించవచ్చు. తర్వాతి తరం ఆ సాగుడునే స్వరాలుగా మలిచి బేస్ వాయించింది.

సింబల్ మోతకు ఒకదానితో ఒకటి శ్రుతి కలవని ఆరు ఆసిలేటర్లు పెట్టారు. బుసబుసమనే శబ్దం కోసం కకెహాషి లోపమున్న ట్రాన్సిస్టర్లను ఏరి కొనిపించాడు. తయారీ మెరుగుపడి అలాంటి ట్రాన్సిస్టర్లు దొరకడమే మానేశాక, 1983లో 808 ఉత్పత్తి ఆగింది. మొత్తం సుమారు 12,000 యంత్రాలు తయారయ్యాయి.

నిజమైన డ్రమ్ములా లేదని చాలామంది పెదవి విరిచారు. సెకండ్ హ్యాండ్‌లో 100 డాలర్లకన్నా తక్కువకే దొరికిన రోజులున్నాయి. డబ్బులేని కుర్రాళ్ల చేతికి అది అలా చేరింది. 1982లో న్యూయార్క్‌లో ఆఫ్రికా బంబాటా బృందం ‘ప్లానెట్ రాక్’ చేసినప్పుడు వాళ్ల దగ్గర 808 లేదు. పత్రికలో ప్రకటన చూసి, 20 డాలర్లిచ్చి, యంత్రం ఉన్న మనిషిని పిలిపించుకున్నారు. దాని ముందుభాగాన వరుసగా 16 బటన్లు ఉంటాయి. దెబ్బ ఎక్కడ పడాలో అక్కడ నొక్కితే దరువు సిద్ధం. స్వరాలు చదవడం రానివాడికి కూడా తాళం కట్టే హక్కు ఇచ్చిన వరుస అది.

ఆ వరుసే 1997లో బెల్జియం నుంచి వచ్చిన ఫ్రూటీలూప్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ తెరకెక్కింది. ఇవాళ దాని పేరు ఎఫ్ఎల్ స్టూడియో. 808 దెబ్బలు ఇప్పుడు ఫైళ్లుగా ల్యాప్‌టాప్‌లో, ఫోన్‌లో దొరుకుతాయి. ఆ దెబ్బల మీద మాట కట్టే ర్యాప్ మనవాళ్లకూ చేరింది. తెలుగులో ర్యాప్ పాడి పేరు తెచ్చుకున్న హైదరాబాదీ రోల్ రైడా 2018లో బిగ్ బాస్ ఇంటిదాకా వెళ్లాడు. కాలిఫోర్నియాలో పుట్టిన తెలుగమ్మాయి రాజకుమారి నాట్యపు జతులను ర్యాప్‌లో పలికిస్తుంది.

ఇంట్లోనే పాట చేసుకునే జట్టుకు యంత్రం ఇక సమస్య కాదు. గదితోనే చిక్కు. 50 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. మన ఇళ్లలో మామూలుగా కనిపించే 12 అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య అందులో సగం పడుతుంది. దాంతో గోడల దగ్గర హోరు, నడిమధ్యన నిశ్శబ్దం. సరిగ్గా మధ్యన కుర్చీ వేసుకున్నవాడు బేస్ చాల్లేదనుకుని పెంచేస్తాడు. ఆ పాట డీజే బాక్సుల్లో పడితే మాట మునిగిపోతుంది. గోడలకు బొంతలు కడితే గొంతు ప్రతిధ్వని తగ్గుతుందే తప్ప ఇంత పొడవైన తరంగాన్ని అవి పట్టలేవు. కుర్చీని మధ్య నుంచి జరపాలి, బేస్‌ను హెడ్‌ఫోన్లలో సరిచూసుకోవాలి.

ఫోన్ స్పీకర్‌ది ఇంకో కథ. అంత చిన్న పొర 50 హెర్ట్జ్‌ను పలకలేదు. అయితే 808 శబ్దానికి కాస్త డిస్టార్షన్ కలిపితే 100, 150, 200 హెర్ట్జ్ దగ్గర పైస్వరాలు పుడతాయి. వాటిలో ఫోన్‌కు అందినవాటిని బట్టి మెదడు అడుగున ఉన్న 50ని తానే పూరించుకుంటుంది. కాబట్టి పాట బయటికి వదిలేముందు ఫోన్‌లో, ఇయర్‌ఫోన్లలో, కారులో ఒక్కోసారి వేసి వినాలి. మూడుచోట్లా దరువు తెలుస్తూ, మాట ఒక్కటీ జారిపోకుండా వినబడితే మిక్సింగ్ కుదిరినట్టు.