తొలకరి వాసన ఎవరిది?

రోహిణి ఎండలకు నెఱ్ఱెలు విచ్చిన నేల మీద, మృగశిర కార్తె ప్రవేశించగానే నాలుగు చినుకులు పడతాయి. వేసవి సెలవులు ముగిసి పాఠశాలలు తెరిచేది కూడా ఇంచుమించు ఆ రోజులలోనే. కిటికీలో నుంచి కమ్మని మట్టివాసన తరగతిలోకి వస్తుంది. వెనుక బల్లపై కూర్చున్న కుర్రవాడు లేచి, "మాస్టారూ, ఈ వాసన మట్టిదాండీ, వానదాండీ?" అని అడుగుతాడు. "మట్టిదే, కూర్చో" అన్న జవాబుతో సాధారణంగా ఆ ప్రశ్న ముగిసిపోతుంది. కుర్రవాడు కాస్త గట్టివాడైతే, "మరి నిన్న ఎండలో ఇదే మట్టికి వాసన లేదేమండీ?" అని మళ్ళీ అడుగుతాడు. అప్పుడు మాస్టారికి హఠాత్తుగా పాఠం జ్ఞాపకం వస్తుంది.

ఆ రెండవ ప్రశ్న సామాన్యమైనది కాదు. మన ప్రాచీన నైయాయికులు పంచభూతాల లక్షణాలు చెబుతూ గంధాన్ని పృథివికి ప్రత్యేక గుణంగా నిర్ణయించారు. నీటికి, గాలికి స్వతహాగా వాసన లేదనీ, ఉన్నట్టు తోస్తే అది వాటిలో కలిసిన పార్థివాంశానిదేననీ వారి సిద్ధాంతం. అయితే రాతికి వాసన ఏదీ అనే ఆక్షేపణ వారికీ తప్పలేదు. అక్కడ గంధం లేకపోలేదు, అణగి ఉన్నదని వారు సమాధానం చెప్పారు. వెనుకబల్ల కుర్రవాడి సందేహం, శాస్త్రకారులను తర్కంలో నిలబెట్టిన సందేహం దాదాపు ఒక్కటే.

తర్కం ఎలా ఉన్నా, ఆ అణగి ఉన్న గంధాన్ని సీసాలోకి దించే ఉపాయం ఉత్తర ప్రదేశ్‌లోని కన్నౌజ్ అత్తరువారికి చిరకాలంగా తెలుసు. బంకమట్టిని బిళ్ళలుగా చేసి కాల్చి, రాగి పాత్రలో నీటితో కలిపి, మూత చుట్టూ మట్టి మెత్తి కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా వెళ్ళి, చల్లని నీటితొట్టిలో ఉంచిన మరొక పాత్రలోని మంచిగంధపు నూనెలో చేరుతుంది. దానిని మూసి చూస్తే తొలకరి వచ్చినట్టే ఉంటుందట.

1964లో ఆస్ట్రేలియాకు చెందిన జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే శాస్త్రజ్ఞులు ఎండిన రాళ్ళ నుంచి ఆవిరి సాయంతో పసుపుపచ్చని నూనె వంటి పదార్థాన్ని తీసి, ఆ వివరాలు 'నేచర్' పత్రికలో ప్రకటించారు. మన దేశపు మట్టి అత్తరు సంగతి కూడా ఆ వ్యాసంలో ప్రస్తావించారు. చెట్టుచేమల నుంచి గాలిలో కలిసే పదార్థాలను రాళ్ళు, నేల ఎండకాలమంతా పీల్చి దాచుకుంటాయి. తేమ తగలగానే వదులుతాయి. ఈ గంధానికి వారు 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో 'పెట్రా' అంటే రాయి. 'ఐకోర్' అంటే దేవతల నరాలలో ప్రవహించే ద్రవం. ప్రయోగశాలలో పుట్టిన పేర్లలో ఇంత కవిత్వం ఉన్నవి అరుదు.

కాని ఆ పరిమళంలో మట్టితనం అనదగిన భాగం వేరే ఉన్నది. దాన్ని 1965లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో నాన్సీ గెర్బర్, హ్యూబర్ట్ లెషెవాలియే వేరుచేసి 'జియోస్మిన్' అన్నారు. భూగంధమని దాని అర్థం. ముఖ్యమైన విశేషమేమంటే, వారు దానిని తీసినది మట్టి నుంచి కాదు; మట్టిలో నివసించే సూక్ష్మజీవుల నుంచి. స్ట్రెప్టోమైసిస్ అనే ఈ బాక్టీరియాలు బూజువలె సన్నని పోగులుగా పెరుగుతాయి. ఆహారం కరవైనప్పుడు సిద్ధబీజాలు కట్టి, మంచికాలం కోసం వేచి ఉంటాయి. సిద్ధబీజాలు కట్టే ఆ దశలోనే జియోస్మిన్ తయారవుతుంది. గంధం పృథివిది కాదు, పృథివిలో కాపురమున్న వారిది!

దీనిని పసిగట్టడంలో మన ముక్కు అసాధ్యురాలు. పది కోట్ల లీటర్ల నీటిలో ఒక్క గ్రాము జియోస్మిన్ కలిసినా మనిషికి తెలిసిపోతుంది. పాతిక ఎకరాల చెరువులో నడుము లోతు నీరు ఉన్నదనుకుంటే, దానికి ఒక గ్రాము చాలునన్నమాట. చెరువు చేపలకు వచ్చే మట్టివాసనకు కూడా తరచు కారణం ఇదే. పులుపు తగిలితే జియోస్మిన్ విరిగి వాసన లేని పదార్థంగా మారుతుంది. చేపకు చింతపండు పట్టించే ఇల్లాలికి రసాయన శాస్త్రంతో పనిలేకపోయింది గాని, ఆ పని శాస్త్రసమ్మతమే.

ఈ బాక్టీరియాలు వాసన ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు. జియోస్మిన్ బయటపడడానికి ఇరవై రెండేళ్ళ ముందు, 1943లో, అదే రట్గర్స్‌లో వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ అనే విద్యార్థి ఒక స్ట్రెప్టోమైసిస్ నుంచి స్ట్రెప్టోమైసిన్ తీశాడు. క్షయకు పనిచేసిన మొదటి యాంటీబయాటిక్ అది. అంతవరకు ఆ రోగికి మంచిగాలి, మంచి తిండి, విశ్రాంతి తప్ప వైద్యులు ఇవ్వగలిగింది స్వల్పం. 1948లో లెడర్లీ ప్రయోగశాలలవారు ఆరియోమైసిన్ ప్రకటించారు. మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలంలోని మట్టిలో దొరికిన మరొక స్ట్రెప్టోమైసిస్ నుంచి బెంజమిన్ డుగ్గర్ దానిని కనుగొన్నాడు. అక్కడ పరిశోధనలకు అధిపతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ సంవత్సరం ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. పిడికెడు మట్టిని వాసన చూసే పిల్లలకు ఈ పేరు కూడా చెప్పడం న్యాయం.

ఇక, నేలలో ఉన్న గంధం గాలికి ఎలా ఎక్కుతుంది? 2015లో అమెరికాలో మాసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన ఇద్దరు పరిశోధకులు అతివేగంగా చిత్రాలు తీసే కెమెరాతో చినుకు పడే తీరును చూశారు. గుల్లగా ఉన్న నేలపై చినుకు పడి చదునవుతుంటే దాని అడుగున గాలిబుడగలు చిక్కుకుంటాయి. అవి సోడాలో బుడగల వలె పైకి పొంగి పగిలి, కంటికి కనబడని తుంపరను ఎగజిమ్ముతాయి. నేలలోని పదార్థాలను ఆ తుంపర వెంట తీసుకుపోతుంది. గాలి దానిని మోస్తుంది. పొరుగూరిలో పడిన వాన మన ఊరికి ముందు వాసనగా వచ్చేది అందువల్లనే. సన్నని, ఒక మాదిరి జల్లులో ఈ తుంపర ఎక్కువ, కుండపోతలో తక్కువ.

మరి బాక్టీరియాకు ఈ పరిమళం దేనికి? మన ఆనందానికైతే కాదు. 2020లో వెలువడిన ఒక పరిశోధన దీనికి జవాబు చెప్పింది. నేలలో స్ప్రింగ్‌టెయిల్ అనే అతి చిన్న ప్రాణులుంటాయి. వాటికి రెక్కలు లేవు. పొట్ట కింద మడిచి ఉంచుకున్న తోక వంటి భాగాన్ని తన్ని గెంతుతాయి. జియోస్మిన్ వాసనకు అవి ఆకర్షింపబడి వచ్చి ఆ బాక్టీరియాను తింటాయి. సిద్ధబీజాలు కొన్ని వాటి ఒంటికి అంటుకుని, కొన్ని వాటి మలంలో బయటపడి కొత్త చోట్లకు చేరుతాయి. పూలు తుమ్మెదలను పిలిచినట్టే ఇదీను.

ఇందులో కొంతభాగం ఏ పాఠశాలలోనైనా పరీక్షించి చూడదగినది. పెరటిలో చెట్టు నీడన ఉన్న మట్టిని ఒక పళ్ళెంలో, కడిగి ఆరబెట్టిన ఏటి ఇసుకను మరొక పళ్ళెంలో పోసి రెండు రోజులు ఎండనివ్వాలి. చేతితో రెంటి మీదా నాలుగు చినుకులు చల్లి, పిల్లలను కళ్ళు మూసుకుని వాసన చూడమనాలి. తరువాత పెరటి మట్టినే మరొక పళ్ళెంలో తీసుకుని, ఈసారి చెంబెడు నీళ్ళు ఒక్కసారిగా గుమ్మరించి చూడమనాలి. తేడా ఏమిటో ముందుగా వారికి చెప్పకూడదు.