విలీనాల కాలంలో సరిహద్దు తెలుగు చదువు

విద్యార్థుల సంఖ్య తగ్గినప్పుడు ప్రభుత్వాలు విశ్వవిద్యాలయాలకు ఇచ్చే సొమ్మును కుదించడం, ఆ సొమ్ముతో నడవలేని సంస్థలను మరో సంస్థలో కలిపివేయడం ఇటీవలి కాలంలో అనేక దేశాల్లో మామూలు విధానంగా మారింది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల వ్యవస్థకు 2010 ప్రాంతంలో సుమారు 1.2 లక్షల మంది విద్యార్థులు ఉండగా, పదేళ్లు దాటేసరికి ఆ సంఖ్య 90 వేలకు లోపు పడిపోయింది. దాంతో 2022 జులైలో ఆరు విశ్వవిద్యాలయాలను కలిపి రెండుగా చేశారు. జపాన్‌లో 1992లో ఇరవై లక్షలకు పైగా ఉన్న పద్దెనిమిదేళ్ల వయసువారు నేడు పదకొండు లక్షల దరిదాపులకు తగ్గారు కనుక అక్కడ కూడా కళాశాలల మూసివేత, కలయిక నిత్యం చర్చకు వచ్చే విషయాలే. ఈ రెండుచోట్లా చదువుకునే వయసువారే తగ్గారు, అందుచేత నష్టం ఎంత బాధాకరమైనా దాని కారణం మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

మన దేశంలో పరిస్థితి వేరు. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2021-22లో దేశవ్యాప్తంగా ఉన్నత విద్యలో 4.33 కోట్ల మంది ఉన్నారు. పద్దెనిమిది నుంచి ఇరవైమూడేళ్ల జనాభాతో పోల్చి ఉన్నత విద్యలో ఉన్నవారు నూటికి ఎందరో చెప్పే స్థూల ప్రవేశ నిష్పత్తి దేశం మొత్తానికి 28.4 ఉండగా తమిళనాడులో అది 47. అంటే మొత్తం మీద చదువుకునేవారు పెరుగుతున్నారు. అయితే ఆ పెరుగుదల అన్ని సంస్థలకూ, అన్ని శాఖలకూ సమానంగా అందడం లేదు. కంప్యూటర్, వాణిజ్య కోర్సుల వైపు, ప్రైవేటు కళాశాలల వైపు విద్యార్థులు మళ్లుతూ ఉంటే ప్రభుత్వ సంస్థల్లోని భాషా, చరిత్ర, తత్త్వశాస్త్ర శాఖల్లో తరగతులు పలచబడుతున్నాయి. తమిళనాడులో ఒక్కో స్త్రీకి సగటున కలిగే సంతానం రెండుకన్నా తక్కువకు తగ్గింది కాబట్టి జనాభా పరమైన ఒత్తిడి కూడా ముందుముందు దీనికి తోడవుతుంది.

తమిళనాట విశ్వవిద్యాలయాల డబ్బు కష్టాలకు ఇప్పటికే ఒక చరిత్ర ఉంది. 1929లో ఏర్పడిన చిదంబరంలోని అన్నామలై విశ్వవిద్యాలయం అవసరానికి మించి చేసిన నియామకాల వల్ల జీతాలు ఇవ్వలేని స్థితికి చేరగా 2013లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని చట్టం ద్వారా స్వాధీనం చేసుకుని, మిగులుగా తేలిన వేలమంది ఉద్యోగులను ఇతర ప్రభుత్వ సంస్థలకు పంపించింది. వేలూరులోని తిరువళ్ళువర్ విశ్వవిద్యాలయాన్ని విడదీసి 2021 తొలి నెలల్లో విళుప్పురంలో నెలకొల్పిన జయలలిత విశ్వవిద్యాలయాన్ని, ప్రభుత్వం మారిన తరువాత అదే ఏడాది ఆగస్టులో శాసనసభ అన్నామలైలో విలీనం చేసింది. ఆ ప్రాంతపు కళాశాలలు ఒక్క సంవత్సరంలోనే మూడు విశ్వవిద్యాలయాల పేర్లు చూశాయి. పట్టాపై ఏ పేరు ఉంటుందో తెలియని అయోమయం విద్యార్థికి మిగిల్చిన ఈ తొందరపాటు, కలపడంలోనూ విడదీయడంలోనూ కూడా సమర్థనీయం కాదు. 1857 నాటి మద్రాసు విశ్వవిద్యాలయం సంగతి చూసినా, పన్ను బకాయిల పేరిట 2024 ఫిబ్రవరిలో ఆదాయపు పన్ను శాఖ దాని బ్యాంకు ఖాతాలను స్తంభింపజేసే దాకా వెళ్లింది. విశ్వవిద్యాలయానికి రాష్ట్రం ఏటా జీతాలకూ నిర్వహణకూ కలిపి ఇచ్చే మొత్తాన్ని బ్లాక్ గ్రాంటు అంటారు. ఇది చాలనప్పుడు విశ్వవిద్యాలయం మొదట చేసే పని ఖాళీ అయిన పోస్టును నింపకుండా వదిలేయడం. ప్రకటన లేకుండా, శాసనసభ చర్చ లేకుండా జరిగే ఈ కోత విలీనం కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు తెలుగు చదువుకు సంబంధించినంత వరకు అసలు విషయం ఇదే.

2004 ఫిబ్రవరిలో ధర్మపురి నుంచి వేరుపడిన కృష్ణగిరి జిల్లా కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లకు ఆనుకుని ఉంది. హోసూరు, బాగలూరు, బేరికె, సూళగిరి, వేపనపల్లి, తళి, దేన్కణికోట ప్రాంతాల్లో తెలుగు తరతరాల ఇంటిభాష. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడు మొత్తం మీద తెలుగు మాతృభాషగా ఉన్నవారు 42 లక్షలకు పైనే. జిల్లాలోని ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలు 1997లో సేలంలో ఏర్పడిన పెరియార్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా పనిచేస్తున్నాయి. అనుబంధం అంటే కళాశాల వేరుగా ఉన్నా పాఠ్యప్రణాళిక, పరీక్షలు, పట్టా విశ్వవిద్యాలయానివి కావడం. మరోవైపు హోసూరు పారిశ్రామిక వాడ, పక్కనే ఉన్న బెంగళూరు యువతను త్వరగా ఉద్యోగాల్లోకి లాగుతాయి కనుక మూడేళ్ల భాషా పట్టా వైపు వచ్చేవారు సహజంగానే తక్కువ.

సహజమైన ఈ తగ్గుదలకు విధానం తెచ్చిపెట్టిన తగ్గుదల తోడైంది. 2006లో వచ్చిన తమిళనాడు తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి తమిళాన్ని మొదటి భాషగా తప్పనిసరి చేసి, ఏడాదికి ఒక తరగతి చొప్పున పైకి విస్తరించి 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. ఆ చట్టం చదువును నాలుగు భాగాలుగా విభజించింది. మొదటిది తమిళం, రెండోది ఇంగ్లీషు, మూడోది ఇతర విషయాలు, నాలుగోది ఇష్టమైతే చదువుకోదగిన మాతృభాష. తప్పనిసరి కాని విషయానికి బడి సమయపట్టికలో ఎంత చోటు దక్కుతుందో ఏ ఉపాధ్యాయుడినడిగినా చెబుతాడు. భాషా అల్పసంఖ్యాకులు కోర్టులకు వెళ్లగా మద్రాసు హైకోర్టు కొన్ని సంవత్సరాలకు, 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏటి పరీక్షకు తమిళం నుంచి మినహాయింపు ఇచ్చాయి. రాష్ట్ర భాష నేర్చుకోవడానికి హోసూరు తెలుగువారికి అభ్యంతరం లేదు, ఆ ఊళ్లో ఇంటికి రెండు మూడు భాషలు వాడుకలోనే ఉంటాయి. ఏటికేడాది కోర్టు తీర్పు కోసం ఎదురుచూసే మాధ్యమంలో పిల్లవాణ్ని చేర్చడానికి తల్లిదండ్రులు వెనుకాడటం మాత్రం అర్థం చేసుకోదగిన విషయం.

బడిలో తగ్గిన సంఖ్య కళాశాలకు ఎలా చేరుతుందో చూడాలి. తమిళనాడు డిగ్రీ కోర్సుల్లో మొదటి భాగంగా, అంటే వాడుకలో ‘పార్ట్ వన్’గా, తమిళం గానీ మరో భాష గానీ ఎంచుకునే వీలుంది. బి.కాం. చదివే పిల్లవాడైనా, రసాయన శాస్త్రం చదివే అమ్మాయైనా అధ్యాపకుడు ఉంటే అక్కడ తెలుగు తీసుకోవచ్చు. సాధారణంగా ఈ భాషా పాఠాలు మొదటి రెండు సంవత్సరాలే ఉంటాయి. కళాశాలలోని అన్ని శాఖల తెలుగు విద్యార్థులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒక్కో సంవత్సరానికి వారానికి ఆరు గంటలు అనుకున్నా మొత్తం పన్నెండు గంటలు అవుతుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సహాయ ఆచార్యుడు వారానికి పదహారు గంటలు పాఠం చెప్పాలి. అంటే తరగతిలో పదిమంది ఉన్నా అరవైమంది ఉన్నా ఒక్క తెలుగు అధ్యాపకుడి పనిగంటలు కొలమానానికి నాలుగు గంటలు తక్కువే తేలతాయి. లెక్క కట్టే పద్ధతే చిన్న భాషను మొదటి రోజు నుంచీ మిగులు కింద జమకడుతుంది.

ఈ లోటు అధ్యాపకుడు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బయటపడదు. ఆయన పదవీ విరమణ చేసిన రోజున పనిగంటలు చాలవన్న కారణంతో పోస్టు నిలిచిపోతుంది, గంటల లెక్కన జీతం తీసుకునే అతిథి అధ్యాపకుడు వస్తాడు. ఒక ఏడాది అతడు కూడా దొరకకపోతే ప్రవేశాల సమయంలో కొత్త విద్యార్థికి తెలుగు చెప్పేవారు లేరు, తమిళం తీసుకోమన్న సలహా అందుతుంది. మరుసటి సంవత్సరం లెక్కల్లో తెలుగు కోరినవారు లేరని నమోదవుతుంది. పోస్టు లేక పోయిన ప్రవేశాలను చూపించి, ప్రవేశాలు లేవు కనుక పోస్టు అక్కరలేదని తేల్చడం ఇది. బడుల్లోనూ ఇదే తంతు. ఏటా ఒక నిర్ణీత తేదీన హాజరు పట్టీలో ఉన్న పేర్లను బట్టి ఉపాధ్యాయ పోస్టులు ఖరారవుతాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక స్థాయిలో ముప్పైమందికి ఒకరు అన్న నిష్పత్తి మాధ్యమం ఏదైనా ఒకటే కనుక, చిన్న ఊళ్లో పక్కపక్కనే నడిచే తమిళ, తెలుగు విభాగాల్లో ముందుగా ఒరిగేది తెలుగే. డిగ్రీలో తెలుగు లేకపోతే తెలుగు బోధించే కొత్త ఉపాధ్యాయులు తయారుకారు, ఉపాధ్యాయులు లేకపోతే బడిలో తెలుగు నిలవదు, బడిలో నిలవకపోతే డిగ్రీకి వచ్చేవారుండరు. మద్రాసు విశ్వవిద్యాలయపు తెలుగు శాఖ వంటి పై మెట్టు ఎంత ఘనమైనదైనా, కింది మెట్లు విరిగిన నిచ్చెనకు అది ఉపయోగపడదు.

విలీనాలన్నీ చెడ్డవని చెప్పడం సరికాదు. 1985 డిసెంబరులో హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు అంతకుముందు రద్దయిన సాహిత్య, సంగీత, నాటక, లలితకళా అకాడమీల పనిని అందులో చేర్చారు. అకాడమీలు పోయినందుకు విచారించిన సాహిత్యకారులు ఎందరో ఉన్నా, ఆ కలయిక నుంచి పరిశోధన, కూచిపూడిలో నాట్యశిక్షణ, నిఘంటు నిర్మాణం వంటి పనులకు ఒక శాశ్వతమైన ఇల్లు దొరికింది. సొమ్ము ఆదా చేయడమే గురిగా సాగిన కలయికల కథ వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన 117వ నంబరు ఉత్తర్వు మూడు, నాలుగు, అయిదు తరగతులను దగ్గరలోని ఉన్నత పాఠశాలలకు తరలించింది. కాగితం మీద అది ఉపాధ్యాయుల సర్దుబాటు. ఎనిమిదేళ్ల పిల్లను వాగు దాటించి, రహదారి దాటించి బడికి చేర్చాల్సిన తల్లికి అది రోజూ పోయే పనిగంట. ప్రభుత్వ పద్దులో మిగిలిన రూపాయి కుటుంబాల పద్దులో ఖర్చుగా తేలుతుంది, దాన్ని ఏ ఆడిట్ నివేదికా లెక్కించదు. విస్తృతమైన వ్యతిరేకత తరువాత 2025లో ఆ ఉత్తర్వును రద్దు చేశారు.

కృష్ణగిరి వంటి జిల్లాకు కావలసింది పెద్ద ఖర్చు కాదు. భాషా అల్పసంఖ్యాకులున్న చోట పనిగంటల నియమాన్ని ఒక్కో కళాశాలకు విడివిడిగా కాకుండా మూడు నాలుగు కళాశాలలకు ఉమ్మడిగా లెక్కిస్తే, హోసూరులో మూడు రోజులు, కృష్ణగిరిలో రెండు రోజులు పాఠం చెప్పే శాశ్వత అధ్యాపకుడికి పదహారు గంటలు సునాయాసంగా సమకూరతాయి. పోస్టును నిలుపుకునే కలయిక ఇది. ప్రవేశ దరఖాస్తులో విద్యార్థి కోరుకున్న భాషనూ, చివరకు అతనికి దొరికిన భాషనూ వేరువేరు గడుల్లో నమోదు చేస్తే నిజమైన కోరిక ఎంతో పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది.

మరో దారి సరిహద్దు అవతల ఉంది. ద్రావిడ భాషల అధ్యయనానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తమిళనాడు, కర్ణాటక, కేరళల సహకారంతో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని కుప్పంలో నెలకొల్పింది. మూడు రాష్ట్రాలు కలిసే చోటును ఏరికోరి ఎంచుకున్నది ఇరుగుపొరుగు భాషల విద్యార్థులు అక్కడికి రావాలనే. కృష్ణగిరి నుంచి కుప్పానికి ఉన్న దూరం సేలానికి ఉన్న దూరంలో సగం కూడా ఉండదు. పెరియార్ విశ్వవిద్యాలయం, ద్రావిడ విశ్వవిద్యాలయం ఒక ఒప్పందానికి వచ్చి, కుప్పంలోని తెలుగు శాఖ అధ్యాపకులు కృష్ణగిరి జిల్లా కళాశాలల్లో పార్ట్ వన్ తెలుగు బోధించేలా, ఆ మార్కులను సేలం గుర్తించేలా, బదులుగా పెరియార్ తమిళ అధ్యాపకులు కుప్పం విద్యార్థులకు తమిళం చెప్పేలా ఏర్పాటు చేసుకుంటే రెండింటికీ కొత్త పోస్టు అవసరం లేకుండానే పని జరుగుతుంది. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు కూర్చుని మాట్లాడుకుంటే వచ్చే విద్యా సంవత్సరపు ప్రవేశ ప్రకటనలోనే హోసూరు విద్యార్థికి తెలుగు ఎంచుకునే గడి కనిపించగలదు.