ట్రెంచిలో ఒకరోజు: తవ్వేదెవరు, రాసేదెవరు?

పురావస్తు తవ్వకాల రిపోర్టులు చదివేవాళ్ళకి ఒక వాక్యం బాగా పరిచయం: ఫలానా అధికారి, ఫలానా సహాయకులతో కలిసి తవ్వారు అని. 1953-54 నుంచి వస్తున్న 'ఇండియన్ ఆర్కియాలజీ - ఎ రివ్యూ' సంచికల్లో ఇదే వరస. నిజానికి ఆ పెద్దమనుషుల్లో పలుగు పట్టినవాళ్ళు తక్కువ. కృష్ణ ఒడ్డున ఒక బౌద్ధ దిబ్బ మీద మేం చూసినచోట తవ్వింది చుట్టుపక్కల మాల, మాదిగ పేటలవాళ్ళూ, వడ్డెర్లూ. మేం పక్కన నోట్‌బుక్ పట్టుకు నిలబడ్డాం. అక్కడ ఒక రోజు పని ఎలా సాగుతుందో, తెలివి ఎవరి చేతిలో పుట్టి ఎవరి పేరుకి చేరుతుందో చెప్పాలనే ఈ వ్యాసం.

పద్ధతి మోర్టిమర్ వీలర్‌ది. 1944 నుంచి 1948 దాకా పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్‌గా చేసిన ఈ బ్రిగేడియర్ 1944లో తక్షశిలలో శిక్షణ శిబిరం పెట్టాడు. 1947లో బ్రహ్మగిరి తవ్వాడు. దిబ్బని చదరపు గళ్ళుగా విడగొడతారు. మూలల్లో మేకులు, మేకుల మధ్య పురికొస. గడికీ గడికీ మధ్య తవ్వకుండా వదిలే మట్టిగోడని బాక్ అంటారు. దాని నిలువు ముఖం మీదే పొరలు కనబడతాయి. అన్నిటికన్నా పైది ఒకటో పొర. కిందికి పోయేకొద్దీ అంకె పెరుగుతుంది, కాలం వెనక్కి పోతుంది.

ట్రెంచిలో మనుషులక్కూడా పొరలున్నాయి. పలుగు మగవాడిది. వెనక పారతో మట్టి ఎత్తేదీ మగవాడే. తట్ట మోసేదీ జల్లెడ పట్టేదీ ఆడవాళ్ళు. పలుగుకి 'నైపుణ్యం' కూలి, తట్టకి మామూలు కూలి. ఒకే పనికి ఆడామగా ఒకే కూలి ఇవ్వాలని 1976లో చట్టం వచ్చింది. పనికే రెండు పేర్లు పెడితే చట్టం ఏం చేస్తుంది? జల్లెడలో మట్టిబెడ్డకీ మట్టిపూసకీ తేడా పట్టే కన్ను మాత్రం నైపుణ్యం లెక్కలోకి రాదు.

ఆ రోజు నాలుగో పొరలో పని. పలుగు వేస్తున్న పెద్దాయన ఉన్నట్టుండి ఆగాడు. "ఇక్కడ మట్టి గుల్లగా ఉంది సారూ, ఇది గొయ్యి" అన్నాడు. మాకేం కనబడలేదు. రంగంతా ఒకటే. ఆయన నీళ్ళు చిలకరించి తాపీతో పైపైన గీరాడు. తడి ఆరే తీరులో తేడా వచ్చి గుండ్రంగా అంచు తేలింది.

ఇదెందుకంత ముఖ్యం? పైపొర కాలంలో ఎవరో తవ్విన గొయ్యి కింది పొరల్లోకి దిగుతుంది. దాంట్లో పడ్డ వస్తువు లోతుని బట్టి కింది పొరది, కాలాన్ని బట్టి పై పొరది. ఇక్ష్వాకుల సీసపు నాణెం శాతవాహనుల నాటి నేల కింద దొరికిందని నమోదైతే ఆ నేలే ఇక్ష్వాకుల నాటిదైపోతుంది. దాని మీద లేచిన గోడ కాలమూ మారిపోతుంది. అంటే గొయ్యి అంచు పట్టిన చెయ్యే కాలనిర్ణయం చేసింది. మేం చేసింది కొలతలు తీసుకోవడం: మేకు నుంచి పొడవు, పురికొస నుంచి అడ్డం, పైనుంచి లోతు. తర్వాత 'గొయ్యి గుర్తించబడినది' అని రాశాం. ఎవరిచేత? చదువుకున్నవాళ్ళ వ్యాకరణంలో కర్మణి ప్రయోగమంత సుఖమైనది మరొకటి లేదు.

అన్నాల వేళ తట్ట మోసే ఒకామె, "మీదే ఊరు బాబూ? ఊళ్ళోనా, పేటలోనా?" అని అడిగింది. పేటలో అని చెప్పాం. అప్పట్నుంచి 'సారూ' పోయి 'అబ్బాయ్' వచ్చింది. పెద్దాయన కూడా అప్పుడే నోరు విప్పాడు. ముందురోజు పక్క గడిలో ఇలాంటి గొయ్యే ఇంకోటి చూశాడట.

"మరి అప్పుడే చెప్పలేదేం మావయ్యా?"

"అడక్కుండా చెప్తే, వీడికి ఎక్కువ తెలుసంటారు. రేపు పిలవరబ్బాయ్."

జోర్డాన్‌లోని పెట్రా, టర్కీలోని చాతల్‌హ్యూక్ తవ్వకాల కూలీల మీద ఆలిసన్ మికెల్ 2021లో తెచ్చిన పుస్తకంలోనూ ఈ సంగతే ఉంది. ఏమీ తెలీనట్టు ఉండటం అక్కడా పని దొరకడానికి పనికొచ్చేదే. ఇక్కడ దానికి కులం తోడైంది. తెలిసీ తెలీనట్టుండటం మనవాళ్ళకి ట్రెంచిలో నేర్పక్కర్లేదు.

అంటరానివాళ్ళ పూర్వీకులు బౌద్ధులని 1948లో అంబేడ్కర్ వాదించారు. ఆ వాదాన్ని ఒక ట్రెంచి తేల్చదు. తేల్చేసిందని మనం తొందరపడి రాయకూడదు కూడా. కాని ఆ దిబ్బ పక్కనే తరాలుగా బతుకుతున్నవాళ్ళని, ఇదేంటని మీ పెద్దలు చెప్పేవాళ్ళు అని ఆ సీజన్లో ఒక్కరూ అడగలేదు. మేం కూడా అడిగింది అన్నాలయ్యాకే.

సాయంత్రం పెంకుల పని. కడిగి ఆరబెట్టిన పెంకుల మీద సైటు పేరు, ట్రెంచి, పొర సంఖ్య ఇంకుతో రాస్తారు. కడిగేది ఆడవాళ్ళు, రాసేది మేం. ఆ తర్వాత మస్టర్, వేలిముద్రలు.

తవ్వినవాళ్ళ పేర్లన్నీ తేదీల వారీగా ఉన్న కాగితం ఆ మస్టర్ ఒక్కటే. దాన్ని నోట్‌బుక్ తేదీలతో జతచేస్తే ఏ గొయ్యి బయటపడ్డ రోజున ఎవరెవరు పనిలో ఉన్నారో తెలుస్తుంది. తవ్వకాల మీద థీసిస్ రాసే విద్యార్థులు, రాయించే మాస్టర్లు వీటిని అడగాలి, నకళ్ళు తీసుకోవాలి. మేం అడిగాం. అవి అకౌంట్స్ కాగితాలనీ, ఆడిట్ అయ్యాక ఉంచాల్సిన పనిలేదనీ చెప్పారు.