టర్బో కారుకు మాన్యువల్ బూస్ట్ కంట్రోలర్ కొంటున్నారా? నల్లగొండ, పాలమూరు ఎండల్లో తిరిగే బండికి ముందు ఇవి చూసుకోండి

"అన్నా, ఒక్క స్క్రూ తిప్పితే సాలు, బండి ఉరుకుతది." టర్బో కారు ఉన్నవాళ్లకు గ్యారేజీల్లో తరచూ వినిపించే మాట ఇది. ఇందులో అబద్ధం లేదు. కాకపోతే ఎన్నాళ్లు ఉరుకుతుందన్నదే ప్రశ్న. ఆ స్క్రూ ఉన్న చిన్న మెటల్ ముక్కనే మాన్యువల్ బూస్ట్ కంట్రోలర్, షార్ట్‌గా ఎంబీసీ అంటారు.

టర్బో నుంచి ఒక సన్న హోస్ వేస్ట్‌గేట్ యాక్చుయేటర్‌కు వెళ్తుంది. గాలి ఒత్తిడి ఒక స్థాయికి చేరగానే యాక్చుయేటర్ గేటు తెరుస్తుంది, పొగ టర్బైన్‌ను తిప్పకుండా పక్కదారి పడుతుంది, బూస్ట్ అక్కడితో ఆగుతుంది. ఎంబీసీని ఈ హోస్ మధ్యలో బిగిస్తారు. అసలు ఒత్తిడి యాక్చుయేటర్‌కు తెలియనివ్వకుండా దాస్తుంది, గంతే. అందుకే దీంతో బూస్ట్ పెంచగలం కానీ, యాక్చుయేటర్ స్ప్రింగ్ పెట్టిన స్థాయి కంటే తగ్గించలేం.

మీ కారుకు పనికొస్తుందా?

చాలామందికి ఇక్కడే కథ ముగుస్తుంది. వర్టస్, కుషాక్ లాంటి 1.0 టీఎస్ఐ కార్లలో వేస్ట్‌గేట్‌ను తిప్పేది ఎలక్ట్రిక్ మోటార్. హోసే లేదు, ఇక ఎంబీసీ ఎక్కడ బిగిస్తారు? మన రోడ్ల మీద బాగా కనిపించే స్విఫ్ట్ 1.3 డీజిల్ సంగతి వేరు. డీజిల్‌లో పవర్ ఇచ్చేది ఇంధనం. ఈసీయూ ఇంధనం పెంచకుండా గాలి ఒక్కటే పెంచితే పెద్దగా ఒరిగేదేం ఉండదు, పైగా సెన్సర్ పట్టేసి బండి లింప్ మోడ్‌లోకి పోవచ్చు. వీజీటీ టర్బో ఉన్న డీజిళ్లకైతే ఈ పరికరం అస్సలు వర్తించదు.

లీనియా టీ-జెట్, పాత ఆక్టేవియా ఆర్‌ఎస్ 1.8 టర్బో లాంటి వాటిలో హోస్ ఉంటుంది. కానీ దాన్ని ఈసీయూ చేతిలోని సోలెనాయిడ్ నడిపిస్తుంది. వాటికి మా ఓటు మంచి రీమ్యాప్‌కే. ఎంబీసీ నిజంగా కుదిరేది బయటి టర్బో కిట్ వేసిన ప్రాజెక్ట్ కార్లకు.

బ్లీడ్ టైపా, బాల్-స్ప్రింగా?

బ్లీడ్ టైపు హోస్‌లోని గాలిని కొంచెం బయటికి వదులుతుంది. చౌక, సింపుల్. కానీ గేటు ముందునుంచే కొద్దికొద్దిగా తెరుచుకుంటుంది కాబట్టి టర్బో నెమ్మదిగా పుంజుకుంటుంది. సన్న రంధ్రంలో దుమ్ము పేరుకుంటే సెట్టింగ్ మారిపోతుంది కూడా. మన మట్టి రోడ్లకు ఇది చిన్న విషయం కాదు.

బాల్-స్ప్రింగ్ టైపులో మీరు పెట్టిన ఒత్తిడి వచ్చేదాకా గోళీ దారి మూసేస్తుంది. పికప్ చురుగ్గా ఉంటుంది. టర్బోస్మార్ట్, హాల్‌మన్ లాంటి బ్రాండ్లు ఈ రకం అమ్ముతున్నాయి. కొనేటప్పుడు రెండు చూడండి: యాక్చుయేటర్ వైపు ఇరుక్కున్న ఒత్తిడి బయటపడటానికి చిన్న రంధ్రం ఉందా, వైబ్రేషన్‌కు స్క్రూ దానంతటదే తిరగకుండా లాక్ ఉందా. మా ఎంపిక ఇదే.

అసలు శత్రువు ఎండ

నల్లగొండలో మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. ఇంటర్‌కూలర్‌కు తగిలే గాలే అంత వేడిగా ఉంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఇంకా వేడి, నాకింగ్ ప్రమాదం ఎక్కువ. నాకింగ్ ముదిరితే పిస్టన్లే పోతాయి. ఎంబీసీకి ఉష్ణోగ్రత తెలియదు. డిసెంబర్ తెల్లవారుజామున బాగా నడిచిన సెట్టింగే మే మధ్యాహ్నం జడ్చర్ల దాటి ఎన్‌హెచ్ 44 మీద ఇంజిన్‌ను తినేయొచ్చు. అందుకే సెట్టింగ్ ఎండాకాలాన్ని బట్టే చేయాలి. 100 ఆక్టేన్ పెట్రోల్ హైదరాబాద్‌లో దొరికింది కదా అని దాని మీద ట్యూన్ చేయించుకుంటే, దేవరకొండలోనో అచ్చంపేటలోనో ట్యాంక్ ఖాళీ అయినప్పుడు ఏం పోస్తారో ఆలోచించండి. (పాలమూరు సుమారు 500 మీటర్ల ఎత్తు కదా అని అడుగుతుంటారు. దాని ప్రభావం స్వల్పమే.)

బూస్ట్ గేజ్ లేకుండా ఎంబీసీ కొనొద్దు. బడ్జెట్ ఒక్కదానికే సరిపోతే గేజే కొనండి. 1 బార్ అంటే 14.5 పీఎస్‌ఐ. స్క్రూ పూర్తిగా వదులు చేసి మొదలుపెట్టి, ప్రతిసారీ పావు చుట్టు మాత్రమే తిప్పండి. ఎన్‌హెచ్ 65 మీద లారీల మధ్య కాదు, డైనో మీద.

ఇంకోటి, మోటారు వాహనాల చట్టంలో అనుమతి లేని మార్పులకు 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే అవకాశం ఉంది. వారంటీ, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లలో కూడా ఇబ్బంది రావచ్చు.

బిగించాక నెలకోసారి హోస్ క్లిప్పులు చూడండి. యాక్చుయేటర్‌కు వెళ్లే హోస్ పగిలినా ఊడినా గేటు తెరుచుకోదు, బూస్ట్ అదుపు లేకుండా పెరుగుతుంది. ఇంజిన్ బే వేడికి మామూలు రబ్బరు ట్యూబ్ త్వరగా గట్టిపడి పగుళ్లిస్తుంది. సిలికాన్ హోస్ వేయించండి, దానికయ్యే ఖర్చు కొంచెమే.