గచ్చు నగిషీకి తేమే శత్రువు

హైదరాబాద్: చౌమహల్లా ప్యాలెస్ ఖిల్వత్ దర్బారు హాలులో కనిపించే లతలు, పూలు రాతిలో చెక్కినవి కావు, సున్నంతో మలచిన గచ్చు నగిషీలు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని ఏళ్ల తరబడి గట్టిపడుతుంది, గోడలోని తేమను బయటికి వదులుతుంది. మరమ్మతు పేరిట సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే చిక్కి పెచ్చులూడతాయి. 2019 మేలో చార్మినార్ మినారు నుంచి గచ్చు పెచ్చు ఊడిపడటంతో ఈ పని ఎంత సున్నితమైనదో నగరవాసులకు తెలిసివచ్చింది.

నేటి ఇళ్లలో ఈ స్థానాన్ని ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఆక్రమించింది. జిప్సంను కాల్చి చేసే ఈ పొడి నీరు కలిపిన నిమిషాల్లోనే బిగుసుకుంటుంది. తేమకు మాత్రం ఆగదు. స్లాబు కారుతుంటే ముందు దానిని బాగుచేయించనిదే సీలింగ్ అంచులకు నగిషీ పెట్టించడం దండగ. గోడ అడుగున నేల తుడిచే నీరు తగులుతుంది గనుక అక్కడ రాతి లేదా టైల్ స్కర్టింగే తగినది.