పశువైద్య కళాశాల ఎంచుకునే ముందు దాని ఆసుపత్రి గేటు దగ్గర ఒక పూట నిలబడండి



ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న పిల్లలున్న ఇళ్లలో నడిచే లెక్క అందరికీ తెలిసిందే. ఎంబీబీఎస్ వస్తే సరి, రాకపోతే బీడీఎస్, అదీ కాకపోతే అగ్రికల్చర్ లేదా వెటర్నరీ. వరుసలో చివరన ఉండటం వల్ల పశువైద్య కోర్సు గురించి ముందుగా కనుక్కునేవాళ్లు తక్కువ. కౌన్సెలింగ్‌లో ఎక్కడ సీటొస్తే అక్కడ చేర్చేస్తారు. కానీ బీవీఎస్సీ అండ్ ఏహెచ్ కూడా ఎంబీబీఎస్ లాగే అయిదున్నరేళ్ల చదువు. నాలుగున్నరేళ్లు తరగతులు, ఆ పైన ఏడాది ఇంటర్న్‌షిప్. ఇంత కాలం పట్టే చదువుకు కళాశాలను ఒక్క రాత్రిలో, వెబ్ ఆప్షన్లు ముగిసే గంట ముందు ఎంచుకోవడం పిల్లలకు న్యాయం కాదు.

ముందుగా ఒక తేడా గమనించండి. పదో తరగతి తర్వాత పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లలో రెండేళ్ల డిప్లొమా ఉంది. అది మంచి కోర్సే, త్వరగా ఉపాధి చూపిస్తుంది. అయితే అది చదివినవారు పశువైద్యులు కారు. డాక్టరు పర్యవేక్షణలో ప్రథమ చికిత్స, టీకాలు వేయడం లాంటి పనులకే వారికి అనుమతి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం, గుర్తింపు పొందిన డిగ్రీ ఉండి కౌన్సిల్‌లో పేరు నమోదైనవారే పశువైద్యులుగా ప్రాక్టీసు చేయగలరు. అందుకే ఏ కళాశాల పేరు విన్నా మొట్టమొదట చూడాల్సింది వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే వీసీఐ జాబితా. కొత్తగా పెట్టిన కళాశాలలకు మొదట ప్రవేశాలు జరుపుకోవడానికి అనుమతి మాత్రమే వస్తుంది, డిగ్రీకి పూర్తి గుర్తింపు తర్వాత వస్తుంది. ఇతర రాష్ట్రాల ప్రైవేటు కళాశాలల తరఫున ఫోన్లు చేసే ఏజెంట్లు ఈ రెంటినీ కలిపి మాట్లాడతారు. "పర్మిషన్ ఉందండీ" అంటే అక్కడితో ఊరుకోకండి. ఏ దశలో ఉంది, ఎన్ని సీట్లకు ఉంది అని అడగండి, జాబితాలో మీరే చూసుకోండి.

సీట్ల సంగతి క్లుప్తంగా. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు చదివి ఉండాలి. 15 శాతం సీట్లు ఆల్ ఇండియా కోటాలో నీట్ ర్యాంకుతో వీసీఐ కౌన్సెలింగ్ ద్వారా భర్తీ అవుతాయి. మిగతావి రాష్ట్రాలవి, వాటి పద్ధతి రాష్ట్రానికొక రకం. తమిళనాడులో ప్లస్ టూ మార్కులు చూస్తారు, కేరళలో నీట్ ర్యాంకు చూస్తారు. మన రెండు రాష్ట్రాల్లో ఆ ఏడాది విశ్వవిద్యాలయం ఇచ్చే నోటిఫికేషనే ప్రమాణం. కాబట్టి పశువైద్యం మీద ఆసక్తి ఉన్న పిల్లల చేత నీట్, ఈఏపీసెట్ రెండూ రాయించడమే క్షేమం. మీది రైతు కుటుంబమైతే రైతు కోటా నిబంధనలు కూడా చదవండి. పొలం పత్రాలతో పాటు గ్రామీణ ప్రాంతంలో చదివినట్టు సర్టిఫికెట్లు అడుగుతారు. పల్లె బడిలో నాలుగో తరగతి దాకా చదివి పట్నం వచ్చిన పిల్లల పాత స్టడీ సర్టిఫికెట్ల కోసం జూన్‌లో పరుగులు పెట్టడం కంటే ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి.

ఏ కాలేజీ మంచిది?

ఈ ప్రశ్నకు సూటిగా జవాబు లేదు. మీ అమ్మాయి ఏ పశువుకు వైద్యం చేయాలనుకుంటోంది అన్నది తేలితేనే జవాబు దొరుకుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి కేంద్రంగా ఉన్న శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి కళాశాలలున్నాయి. తెలంగాణలో పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కింద రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు ఉన్నాయి. తిరుపతి కళాశాల 1955లోనూ, రాజేంద్రనగర్ కళాశాల 1946లోనూ మొదలయ్యాయి. పాత కళాశాలలకు పూర్వ విద్యార్థుల బలగం, పీజీ విభాగాలు ఎక్కువ. మన పెద్దలు పేరు చెప్పగానే గుర్తుపట్టేదీ వాటినే. అయితే పాఠ్యాంశాలు దేశమంతటికీ వీసీఐ నిర్ణయించినవే. అనాటమీ పుస్తకం ఎక్కడైనా ఒకటే. తేడా అంతా కళాశాల ఆసుపత్రికి వచ్చే పశువుల్లో ఉంటుంది.

నగరం మధ్యలో ఉన్న ఆసుపత్రికి కుక్కలు, పిల్లులు ఎక్కువగా వస్తాయి. ఎక్స్‌రే, స్కానింగ్, ఎముకలు అతికించే ఆపరేషన్లు చూసే అవకాశం అక్కడ ఎక్కువ. పెట్ క్లినిక్ పెట్టాలనే కోరిక ఉన్న పిల్లలకు అది వరం. పల్లెల నడుమ ఉన్న కళాశాలకు పాడి గేదెలు, ఆవులు, గొర్రెల మందలు వస్తాయి. పొదుగువాపు, ఈత కష్టమై రాత్రిపూట ట్రాక్టరులో తెచ్చిన గేదె, నట్టలతో చిక్కిపోయిన గొర్రెపిల్లలు. ప్రభుత్వ పశువైద్యాధికారి ఉద్యోగమో, డెయిరీ సంస్థో లక్ష్యమైతే చెయ్యి తిరగాల్సింది వీటిలోనే. చూడి పరీక్ష అంటే పశువు లోపలికి భుజం దాకా చెయ్యి పెట్టి వేలి కొసలతో గర్భాన్ని గుర్తుపట్టాలి. పుస్తకంలో రెండు పేజీలున్న ఆ విద్య వందల పశువుల మీద చేస్తే గానీ పట్టుబడదు. పశువులే రాని కళాశాలలో అది ఎంత మంచి ప్రొఫెసరైనా నేర్పలేరు.

అందుకే, వీలైతే ఒక పనిదినం ఉదయం కళాశాల ఆసుపత్రికి వెళ్లండి. ఓపీ వేళ గేటు దగ్గర నిలబడితే ఏమేం వస్తున్నాయో, ఎన్ని వస్తున్నాయో మీకే తెలుస్తుంది. ప్రిన్సిపల్ గారు చెప్పేది వినండి, ఆ తర్వాత ఇంటర్న్‌షిప్ చేస్తున్న పిల్లల్ని టీ దగ్గర పలకరించండి. "సౌకర్యాలెలా ఉన్నాయి" అని అడిగితే బాగున్నాయనే అంటారు. "నువ్వు స్వయంగా ఎన్ని కాన్పులు చేశావు, ఎన్ని ఆపరేషన్లలో చెయ్యి కలిపావు, ఎన్నిసార్లు పక్కన నిలబడి చూశావు" అని అడగండి. అధ్యాపక పోస్టులు ఏ విభాగంలో ఖాళీగా ఉన్నాయో కూడా వాళ్లే చెబుతారు. సర్జరీ, గైనకాలజీ, మెడిసిన్ విభాగాల్లో ఖాళీలుంటే అది చిన్న విషయం కాదు. కళాశాలకు సొంత పశుక్షేత్రం ఉందా, ఊళ్లకు వెళ్లి వైద్యం చేసే వ్యాన్ నడుస్తోందా లేక షెడ్డులోనే ఉందా అన్నవి మీ కళ్లతో చూడదగినవి.

కోళ్ల పరిశ్రమ, వ్యాక్సిన్ తయారీ, పరిశోధన వైపు మొగ్గున్న పిల్లలకు లెక్క కొంచెం వేరు. వాళ్లకు ఆసుపత్రి రద్దీ కంటే మైక్రోబయాలజీ, పాథాలజీ ప్రయోగశాలలు, పీజీ సీట్లు ముఖ్యం. బరేలీ దగ్గరి ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధనా సంస్థ లాంటి చోట్లకు పై చదువులకు వెళ్లిన సీనియర్లు ఎవరైనా ఆ కళాశాల నుంచి ఉన్నారా అని కనుక్కోండి. సివిల్స్ ఆలోచన ఉన్నవారికి ఒక మాట: యూపీఎస్సీలో పశుసంవర్ధక, పశువైద్య శాస్త్రం ఆప్షనల్‌గా ఉంది, ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకు కూడా ఈ డిగ్రీ అర్హత. సైన్యంలో రిమౌంట్ వెటర్నరీ కోర్ ఉంది.

అమెరికా సంగతి

ఇది తరచూ అడుగుతున్నారు. అక్కడ డీవీఎం అనేది కొన్నేళ్ల డిగ్రీ చదువు తర్వాత చేసే నాలుగేళ్ల కోర్సు, ఖర్చు చాలా ఎక్కువ. ఇక్కడ బీవీఎస్సీ చేసి వెళ్లినవారు నేరుగా ప్రాక్టీసు చేయలేరు. ఈసీఎఫ్‌వీజీ లేదా పేవ్ అనే సమానత్వ పరీక్షల కార్యక్రమం పూర్తిచేసి, నావ్లీ పరీక్ష కూడా రాయాలి. వాటిలో చేతి నైపుణ్యాన్ని పరీక్షించే దశలు ఉంటాయి. కాబట్టి విదేశాల ఆలోచన ఉన్నా, ఇక్కడ కళాశాల ఎంపికలో చూడాల్సింది మళ్లీ ప్రాక్టికల్సే. వేరే దేశంలో చదివి తిరిగొచ్చి ఇక్కడ పనిచేయాలనుకుంటే, ఆ డిగ్రీ 1984 చట్టం షెడ్యూలులో ఉందో లేదో డబ్బు కట్టకముందే చూడాలి.

ఇక మీ పిల్లల సంగతి. కుక్కపిల్లను ముద్దు చేయడం వేరు, పేడ వాసనలో మోకాళ్ల మీద కూర్చొని పనిచేయడం వేరు. దసరా సెలవుల్లో దగ్గరి పశువుల ఆసుపత్రిలో డాక్టరు గారి అనుమతితో నాలుగు రోజులు కూర్చోబెట్టండి. ఉత్సాహంగా తిరిగొస్తే మంచిదే, వద్దంటే అయిదున్నరేళ్లు మిగిలాయి. "ఆడపిల్లకు గొడ్ల డాక్టరు చదువేమిటి" అనే బంధువులకు ఏ పశువైద్య కళాశాల తరగతి గదినైనా చూపించండి, బెంచీల్లో అమ్మాయిలే జవాబు చెబుతారు.

హాస్టల్ గదులు, మెస్ భోజనం ఎలాగూ చూస్తారు. ఇంకొకటి కూడా అడగండి: విద్యార్థులకు క్లినిక్‌లో అడుగుపెట్టక ముందే రేబిస్ ముందస్తు టీకా వేయిస్తున్నారా? ఈసుకుపోయిన పశువుల నుంచి బ్రుసెల్లోసిస్ అంటుకోకుండా గ్లవ్స్ సరిపడా ఇస్తున్నారా? లేదని తెలిస్తే కళాశాల మార్చాల్సిన పనిలేదు. చేరేముందు మీ ఫ్యామిలీ డాక్టరు దగ్గర టీకా వేయించండి, పొడవాటి గ్లవ్స్ ఒక పెట్టె పిల్లల సామానులో పెట్టి పంపండి.